నాడె, నోరు, నూలుపోగు: పెట్టుబడిదారీ విధానమా, సోషలిజమా అనే చర్చ మీద

1991లో నెల తిరక్కముందే మూడు సంగతులు జరిగాయి. జులై 24న ఢిల్లీలో కొత్త పారిశ్రామిక విధానం ప్రకటించి, అదే రోజు బడ్జెట్ కూడా పెట్టారు. ఆగస్టు 6న అప్పటి గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిది మంది దళితుల్ని పట్టపగలు తరిమి తరిమి నరికారు. శవాల్ని గోనెసంచుల్లో కుక్కి కాలువల్లో పడేశారు. ఆగస్టు 19న మాస్కో వీధుల్లోకి ట్యాంకులొచ్చాయి, ఆ ఏడాది ముగిసేలోగా సోవియట్ యూనియన్ లేకుండా పోయింది. పెట్టుబడిదారీ విధానం మేలా, సోషలిజం మేలా అని మన దగ్గర రాసేవాళ్ళు మొదటి తేదీ నుంచి గానీ మూడో తేదీ నుంచి గానీ మొదలుపెడతారు. మధ్య తేదీ వాళ్ళ చర్చలోకి రాదు. అది వేరే ఫైలు. దాని మీద 'అత్యాచారాలు', 'శాంతిభద్రతలు' అని రాసి ఉంటుంది. మా అభ్యంతరం ఇక్కడే మొదలవుతుంది.

ఈ చర్చ ఇప్పుడు బయటివాళ్ళదే కాదు, మన సభల్లోకీ హాస్టళ్ళలోకీ సెమినార్లలోకీ వచ్చింది. 'దళితులు కూలి అడిగే రోజులు పోయాయి, కూలి ఇచ్చే రోజులు రావాలి, మనకు కావాల్సింది పెట్టుబడి' అనేవాళ్ళు ఒకవైపు. 'అంబేద్కర్ కోరింది స్టేట్ సోషలిజం, మిగతాదంతా ఆయనకు ద్రోహం' అనేవాళ్ళు మరోవైపు. ఇద్దరి చేతుల్లోనూ అంబేద్కరే ఉన్నాడు. ఒకరికి కొలంబియాలో అర్థశాస్త్రం చదివిన అంబేద్కర్ కావాలి. ఇంకొకరికి 1947లో రాజ్యాంగసభకు మెమొరాండం రాసిన అంబేద్కర్ కావాలి. ఇద్దరూ సగం సగమే చదువుతున్నారని మా అభిప్రాయం. ఆ సగం చదువువల్ల నష్టపోయేది సెమినార్లకు వచ్చేవాళ్ళు కాదు, వాడలో ఉన్నోళ్ళు.

ముందుగా బొంబాయి మిల్లుల సంగతి చూద్దాం. మగ్గం నడుస్తుంటే నాడెలో కండె అయిపోతుంది. కొత్త కండె పెట్టి, పోగు కొసను నాడె కన్నంలోంచి బయటికి తియ్యాలి. ఆ రోజుల్లో దాన్ని నోటితో పీల్చేవాళ్ళు. ఒక నేతగాడు పీల్చిన నాడెనే ఇంకో షిఫ్టులో ఇంకొకడు పీలుస్తాడు. అంటరానివాడి ఎంగిలి తగిలిన నాడెను మేం నోట పెట్టుకోం అని సవర్ణ కార్మికులు పట్టుబట్టారు. అందుకని నేత ఖాతాలోకి దళితుల్ని రానియ్యలేదు. కూలి తక్కువుండే వడుకు ఖాతాలోనే వాళ్ళకు పని. మిల్లు యజమానికి దీంతో పేచీ లేదు, అతనికి కావాల్సింది గుడ్డ. ఎర్రజెండా యూనియన్‌కూ చాలాకాలం పేచీ లేదు, దానికి కావాల్సింది ఐక్యత. 1928 సార్వత్రిక సమ్మెలో దళితులకు నేత ఖాతాలో పనిచేసే హక్కును కూడా డిమాండ్లలో చేర్చాలని అంబేద్కర్ నిలదీయాల్సొచ్చింది. ఇది చిన్న సంగతి అని ఇప్పటికీ అనేవాళ్ళున్నారు. ఎవరికి చిన్నది? ఎక్కువ కూలి దొరికే ఖాతా గడప దగ్గరే ఆగిపోయిన మనిషికి చిన్నదా?

'మిల్లు ప్రైవేటుది కాబట్టి అట్లా జరిగింది, సర్కారు సొత్తయితే వేరేగా ఉండేది' అనొచ్చు. మరి రైలు చూడండి. జి.ఐ.పి. రైల్వే 1925లోనే ప్రభుత్వం చేతిలోకి వచ్చింది. 1938 ఫిబ్రవరిలో మన్మాడ్‌లో ఆ రైల్వేలోని దళిత కార్మికుల మహాసభ జరిగింది. అక్కడ అంబేద్కర్ చెప్పిన లెక్క వినండి. దళితుడు రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేరితే గ్యాంగ్‌మన్‌గానే ముసలాడవుతాడు. కనీసం పోర్టరు ఉద్యోగం కూడా దొరకదు. ఎందుకంటే పోర్టరనేవాడు స్టేషన్ మాస్టరు ఇంట్లో చాకిరీ కూడా చెయ్యాలి. స్టేషన్ మాస్టరు సవర్ణుడు, తన ఇంట్లోకి అంటరానివాణ్ణి రానివ్వడు. రూల్సు పుస్తకంలో పోర్టరు పని రైల్వే పని. ఆచరణలో మాస్టరుగారి వంటింటి గడప ఆ ఉద్యోగాన్ని నిర్ణయిస్తోంది. కార్మికులకు బ్రాహ్మణిజం, పెట్టుబడిదారీ విధానం అనే శత్రువులు ఇద్దరున్నారని ఆయన చెప్పింది ఆ సభలోనే. ఈ మాటను ఇప్పుడు పోస్టర్ల మీద తెగ రాస్తున్నారు. పోర్టరు సంగతి మాత్రం ఎవరూ రాయడంలేదు. మాటకు ప్రాణం పోసింది ఆ పోర్టరే.

కాబట్టి, ఆస్తి ఎవరిది అనే ప్రశ్న ఒకటే వేస్తే మిల్లుకూ రైలుకూ తేడా ఉంది. ఏ పని ఎవరిని ముట్టుకోనిస్తారు అనే ప్రశ్న వేస్తే ఆ తేడా కరిగిపోతుంది. కులం శ్రమను మాత్రమే విభజించలేదు, శ్రమ చేసేవాళ్ళనే మెట్లు మెట్లుగా విడగొట్టింది అని 'కుల నిర్మూలన'లో 1936లోనే వాదించాడాయన. ఈ వాదనను 'ఉపరితలం' అనే గంపలో పడేసి పునాది గురించి మాట్లాడుకున్నవాళ్ళకు, ఆ పునాది గోడల్లోనే వాడకు దారి లేదని కనిపించలేదు.

అయితే ఆయన సోషలిజాన్ని వదిలేశాడా? లేదు. 1936లో ఇండిపెండెంట్ లేబర్ పార్టీ పెట్టాడు. 1937లో కొంకణ్‌లో ఖోతీ భూస్వామ్యాన్ని రద్దు చెయ్యాలని బిల్లు తెచ్చాడు. 1938 జనవరిలో రైతులను బొంబాయి కౌన్సిల్ ముందుకు నడిపించాడు. అదే ఏడాది నవంబర్ 7న పారిశ్రామిక వివాదాల బిల్లుకు వ్యతిరేకంగా కమ్యూనిస్టులతో కలిసి ఒకరోజు సమ్మె చేయించాడు. పదేళ్ళ కిందట నాడె దగ్గర కొట్లాడిన మనుషులతోనే ఈ సమ్మె. కలవాల్సినచోట కలిశాడు, నిలదీయాల్సినచోట నిలదీశాడు.

ఇక 1947 మెమొరాండానికి వద్దాం. 'స్టేట్స్ అండ్ మైనారిటీస్' అనే ఆ పత్రాన్ని షెడ్యూల్డ్ కులాల ఫెడరేషన్ తరఫున రాశాడు. మన సభల్లో దాని పేరు చెప్పనివాళ్ళు లేరు, దాన్ని తెరిచి చూసినవాళ్ళు మాత్రం తక్కువ. అందుకని దాంట్లో ఏముందో కాస్త నిదానంగా చూడాలి. కీలక పరిశ్రమలు రాజ్యం చేతిలో ఉండాలి. బీమా రాజ్యం గుత్తాధిపత్యంగా ఉండాలి, వయోజనులందరికీ తప్పనిసరి కావాలి. (జీవిత బీమా జాతీయం 1956లో జరిగింది. అక్కడిదాకా అయింది, మిగతాది అక్కడే ఉంది.) వ్యవసాయం రాజ్య పరిశ్రమ కావాలి. భూమిని రాజ్యం తీసుకుని, సొంతదారులకు డిబెంచర్ల రూపంలో పరిహారమివ్వాలి. ఆ భూమిని కమతాలుగా చేసి ఊళ్ళో వాళ్ళకు కుల మత భేదం లేకుండా కౌలుకివ్వాలి. వాళ్ళు సమష్టిగా సాగు చెయ్యాలి. నీళ్ళు, ఎద్దులు, పనిముట్లు, ఎరువు, విత్తనం రాజ్యం సమకూర్చాలి. ఊళ్ళో భూస్వామి ఉండడు, కౌలుదారు ఉండడు, భూమిలేని కూలీ ఉండడు. ఇదంతా ఏదో ఒక పార్టీ గెలిస్తే చేసే చట్టంగా కాదు, రాజ్యాంగంలోనే ఉండాలి. మెజారిటీ మారినప్పుడల్లా మార్చడానికి వీల్లేకుండా ఉండాలి. అమలుకు పదేళ్ళ గడువు.

ఇక్కడ గమనించాల్సింది, ఆయన భూమిని 'దున్నేవాడికి' ఇమ్మనలేదు. కౌలు చట్టాలు, కమతాల ఏకీకరణ దళితులకు పనికిరావనీ, ఆరు కోట్ల అంటరానివాళ్ళు భూమిలేని కూలీలేననీ ఆ పత్రంలోనే వాదించాడు. తెలుగు నేల మీద ఎర్రజెండాలు ఎత్తిన నినాదం 'దున్నేవాడికే భూమి'. వినడానికి బాగానే ఉంటుంది. చట్టం భాషలో దున్నేవాడంటే ఎవరు? రికార్డులో పేరున్న కౌలుదారు. అరక కట్టే పాలేరు కాదు, నాటు వేసే ఆడమనిషి కాదు, కళ్ళంలో తూర్పారబట్టేవాళ్ళు కాదు. ఈ పదం దగ్గర జారిపోయినవాళ్ళంతా వాడవాళ్ళే.

దీనికి పాఠం కేరళలో ఉంది. 1970 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన భూసంస్కరణల సవరణ దేశంలోనే గొప్పదని పేరు. జన్మీల పెత్తనం పోయింది. అది నిజమే, దాన్ని తక్కువ చెయ్యం. కానీ పొలం కౌలుదారుకు వెళ్ళింది. తరతరాలుగా ఆ బురదలో దిగి నాట్లేసిన పులయ, పరయ కులాలవాళ్ళకు దక్కింది గుడిసె వేసుకున్న జాగా. పంచాయతీల్లో పది సెంట్లు, మున్సిపాలిటీల్లో ఐదు, నగరాల్లో మూడు. పది సెంట్లలో ఇల్లు పడుతుంది, చచ్చిపోతే సమాధీ పడుతుంది, బతుకు పట్టదు. 2007లో చెంగరలో భూమిలేని దళితులు రబ్బరు తోటలోకి పోయి గుడారాలు వేసుకున్నప్పుడు రాష్ట్రంలో ఉన్నది వామపక్ష ప్రభుత్వమే. బెంగాల్‌లో 1979లో మరీచ్‌ఝాపి దీవి నుంచి నామశూద్ర శరణార్థుల్ని తుపాకులతో ఖాళీ చేయించిందీ వామపక్ష ప్రభుత్వమే. ఇవి చెప్తే 'శత్రువు వాదన' అంటారు. శత్రువు చెప్తే వాదన కావచ్చు. చెంగర గుడారంలో ఉన్న మనిషికి అది తన బతుకు.

అయినా స్టేట్ సోషలిజం మిత్రులు 1947 పత్రంలో ఒక ముక్క వదిలేస్తున్నారు. అదే పత్రంలో షెడ్యూల్డ్ కులాలకు విడిగా గ్రామాలు కట్టాలనీ, దానికొక సెటిల్‌మెంట్ కమిషన్ వెయ్యాలనీ ఉంది. ఒకపక్క ఊళ్ళోవాళ్ళంతా కులం లేకుండా కలిసి సాగు చెయ్యాలంటాడు. ఇంకోపక్క దళితులు ఆ ఊళ్ళోంచే లేచి వేరే ఊరికి పోవాలంటాడు. ఈ రెండూ పొసగవు. మా చదువులో ఇది ఆ పత్రంలో అతకని చోటు, అతకలేదని ఒప్పుకోవాలి. రాజ్యం భూమి తీసుకుంటుంది సరే, కౌలు పట్టీ రాసే తహసీల్దారు ఎవరు? విత్తనం పంచే గుమస్తా ఎవరు? పోర్టరు ఉద్యోగం ఇచ్చిన స్టేషన్ మాస్టరే కదా! సమష్టి సాగు మీద రాసిన చేతే విడి గ్రామాల మీద కూడా రాసిందంటే, ఊరి సమష్టి మీద ఆయనకు నమ్మకం లేదన్నమాట. ఆ అపనమ్మకాన్ని కత్తిరించేసి నాలుగో క్లాజును మాత్రం ఎత్తి చూపిస్తే అంబేద్కర్‌ను ఆవడిలో ఒక సోషలిస్టుగా మార్చుకున్నట్టే అవుతుంది.

1948 నవంబర్ 15 నాటి సంగతి కూడా చెప్పాలి. రాజ్యాంగసభలో కె.టి. షా భారతదేశాన్ని 'సోషలిస్టు' అని ప్రకటించాలని సవరణ పెట్టాడు. అంబేద్కర్ వ్యతిరేకించాడు. ఎట్లాంటి ఆర్థిక వ్యవస్థ ఉండాలో ప్రజలు ఎప్పటికప్పుడు నిర్ణయించుకోవాలన్నాడు, ఆదేశిక సూత్రాల్లో ఆ దిశ ఎట్లాగూ ఉందన్నాడు. మార్కెట్ మిత్రులు ఇదిగో చూడండి అని దీన్ని చూపిస్తారు. ఏడాదిన్నర కిందటే ఆర్థిక వ్యవస్థను రాజ్యాంగంలో బిగించమన్న మనిషి కదా ఈయన! మధ్యలో ఏం మారింది? మొదటిసారి ఫెడరేషన్ మనిషిగా రాశాడు, రెండోసారి కాంగ్రెస్ మెజారిటీ ఉన్న సభలో డ్రాఫ్టింగ్ కమిటీ ఛైర్మన్‌గా మాట్లాడాడు. అదొక కారణం. ఇంకోటి కూడా ఉందని మాకనిపిస్తుంది. 1947లో ఆయన రాసింది క్లాజు. అందులో భూమి ఉంది, డిబెంచరుంది, ఎద్దులున్నాయి, గడువుంది. షా అడిగింది ఒక మాట. ఆ మాట 1976లో 42వ సవరణతో పీఠికలోకి వచ్చింది. వచ్చాక ఏ పాలేరు చేతికి ఎన్ని ఎకరాలు వచ్చాయి?

ఇప్పుడు మార్కెట్ మిత్రుల దగ్గరికి వస్తాం. వీళ్ళను 'సామ్రాజ్యవాద తొత్తులు' అని తిట్టి ఊరుకోవడం సులువు. అట్లా చెయ్యం. 2002 జనవరిలో భోపాల్‌లో దళిత మేధావులు ఒక డిక్లరేషన్, 21 అంశాల ఎజెండా ప్రకటించారు. ప్రభుత్వ కొనుగోళ్ళలో, కాంట్రాక్టుల్లో దళితుల వాటా ఏదని అడిగారు. అది న్యాయమైన ప్రశ్న. 2005లో పూనాలో మిలింద్ కాంబ్లే దళిత వాణిజ్య మండలి పెట్టాడు. 2012లో కేంద్ర ప్రభుత్వ రంగం చేసే కొనుగోళ్ళలో 4 శాతం ఎస్సీ, ఎస్టీల చిన్న సంస్థల నుంచి ఉండాలని నిబంధన వచ్చింది. చంద్రభాన్ ప్రసాద్, దేవేశ్ కపూర్ తదితరులు 2010లో అచ్చేసిన సర్వే ఉంది. ఉత్తరప్రదేశ్‌లో రెండు బ్లాకుల్లో దళిత ఇళ్ళన్నీ తిరిగి, 1990కీ 2007కీ మధ్య ఏం మారిందో అడిగారు. భూస్వామి దగ్గర కట్టుబడి అరక దున్నే 'హల్వాహీ' దాదాపు కనుమరుగైందని తేలింది. తిండి మారింది, బట్ట మారింది. కుర్రాళ్ళు పట్నాలకు పోయారు. ఎవరు విడిపించారు వాళ్ళను? పార్టీ కాదు, చట్టం కాదు. ఢిల్లీకో సూరత్‌కో పోయే రైలు, అక్కడ దొరికిన కూలి. ఇది కాదనేవాళ్ళు తమ ఊళ్ళో ఒకసారి చూసుకోవాలి. దొర ఇంటిముందు చెప్పులు చేతబట్టుకోవడం మానేసిన కుర్రాడు ఎక్కడికి వెళ్ళొచ్చాడో కనుక్కోవాలి.

కానీ దీన్నుంచి 'మార్కెట్‌కు కులం కనపడదు' అనే తీర్మానానికి దూకితే మేము ఒప్పుకోం. 2007లో థోరట్, అటెవెల్ ఒక పరీక్ష చేశారు. పత్రికల్లో వచ్చిన ప్రైవేటు ఉద్యోగ ప్రకటనలకు ఒకే చదువు, ఒకే అనుభవం ఉన్న దరఖాస్తుల్ని పంపారు. ఇంటిపేరు ఒక్కటే తేడా. దళిత ఇంటిపేరున్న దరఖాస్తుకు పిలుపు వచ్చే అవకాశం అగ్రకుల దరఖాస్తుతో పోలిస్తే మూడింట రెండొంతులే. 2012లో వచ్చిన ఇంకో అధ్యయనం దేశంలోని పెద్ద కంపెనీలు వెయ్యింటి బోర్డుల్ని లెక్కేసింది. 9,052 మంది సభ్యుల్లో దాదాపు 93 శాతం అగ్రకులాలవాళ్ళు, ఎస్సీ ఎస్టీలు కలిపి 3.5 శాతం. నాడె పోయింది, పోగు పీల్చే పని పోయింది, ఖాతా గడప మాత్రం అక్కడే ఉంది. సురీందర్ జోధ్కా పానిపట్, సహారన్‌పూర్‌లలో సొంత వ్యాపారం పెట్టుకున్న దళితుల్ని అడిగితే, అప్పు పుట్టడం దగ్గర నుంచి దుకాణానికి జాగా దొరకడం దాకా కులం అడ్డొచ్చిన కథలు చెప్పారు. అతని వ్యాపారం పేరు ఏదైనా కావచ్చు, బజారు దాన్ని అతని కులం పేరుతోనే గుర్తుపట్టింది.

ఇదంతా ఉత్తరాది కథ అనుకునేవాళ్ళకు తెలంగాణ చరిత్రే ఉంది. 2014 ఆగస్టు 15న భూమిలేని దళిత కుటుంబాలకు మూడెకరాలు కొనిచ్చే పథకం మొదలైంది. పట్టా ఆడవాళ్ళ పేరు మీద ఇచ్చారు, అది మంచి పని. కానీ సర్కారు తన దగ్గరున్న రేటుకు భూమి కొనాలంటే అమ్మేవాడు కావాలి. రోడ్డు పడ్డచోట, నీళ్ళొచ్చినచోట రేట్లు ఎగిరిపోయాయి. పథకం కొన్ని వేల కుటుంబాల దగ్గర ఆగింది. 2021 ఆగస్టులో దాని చోటులోకి ఇంకో పథకం వచ్చింది. వాసాలమర్రిలో 76 కుటుంబాలతో మొదలై, ఉప ఎన్నిక రాబోతున్న హుజూరాబాద్‌కు పోయింది. ఇంటికి పది లక్షలు, బ్యాంకు లింకు లేదు, తిరిగి కట్టక్కర్లేదు. ఏడేళ్ళలో ఒక ప్రభుత్వమే సోషలిజం వైపు నుంచి పెట్టుబడి వైపుకు నడిచింది. ఏ సిద్ధాంత చర్చా జరగలేదు! భూమి దొరకలేదు కాబట్టి డబ్బిచ్చారు, అంతే.

పది లక్షల్ని మేము తేలిగ్గా తీసిపారెయ్యం. వాడలో ఒక మనిషి ఖాతాలో, షూరిటీ అడగకుండా పది లక్షలు పడటం అంతకుముందు ఎప్పుడు జరిగింది? జరిగిందల్లా చూస్తే, చాలామంది బండి కొన్నారు. కారు, ట్రాక్టరు, ట్రాలీ. 'ఎందుకు అందరూ బండ్లే కొన్నారు, ఆలోచన లేదా?' అని ఎగతాళి చేసినవాళ్ళున్నారు. ఆలోచన ఉండే కొన్నారని మేమంటాం. బండికి జాగా అక్కర్లేదు. ఊళ్ళో కిరాణం పెడితే ఎవరు కొంటారు, టిఫిన్ సెంటర్ పెడితే ఎవరొచ్చి తింటారు, పాలు పోస్తే ఎవరు పోయించుకుంటారు అనే లెక్క వాడకు బాగా తెలుసు. బడుల్లో దళిత మహిళ వండిందని మధ్యాహ్న భోజనం మానేసిన ఊళ్ళున్న దేశమిది. బండి అయితే ఊరి పొలిమేర దాటుతుంది. ఎక్కినవాడు డ్రైవర్ కులం అడగడు, అడిగినా మధ్యలో దిగిపోడు. ఇది ఊరి మార్కెట్ మీద వాడ ఇచ్చిన తీర్పు. కానీ ఆ కారును సిటీకి తెచ్చి యాప్‌లో పెట్టాక, కాగితం మీద పెట్టుబడిదారుడైన మనిషి రేటు తన చేతిలో లేని కూలి అవుతాడు. కిస్తీ లేదు, అదొక్కటే తేడా. ఆ పథకం తెచ్చిన ప్రభుత్వం 2023 డిసెంబర్‌లో దిగిపోయింది.

ఆంధ్రలో అసైన్డ్ భూముల కథ దీనికి అటువైపు. 1977 చట్టం ప్రకారం పేదలకు ఇచ్చిన డి-ఫారం పట్టా భూమిని అమ్మకూడదు. ఆ నిషేధం లేకపోతే పెద్దరైతు నాలుగు బస్తాల వడ్లకే గుంజుకునేవాడు. నిషేధం ఉన్నా గుంజుకున్నారనేది వేరే సంగతి. కానీ అదే నిషేధంవల్ల పక్క పట్టా భూమికి లక్షల రేటు పలుకుతుంటే, దళితుడి ఎకరం మీద బ్యాంకు సరిగా అప్పివ్వదు. 2023లో చట్టం సవరించి, ఇచ్చి ఇరవై ఏళ్ళు దాటిన అసైన్డ్ భూమిని అమ్ముకోవచ్చన్నారు. 2024లో ప్రభుత్వం మారాక ఆ రిజిస్ట్రేషన్లు ఆపి విచారణ అన్నారు. అమ్మే హక్కు లేకపోతే అది సగం ఆస్తి. హక్కు వస్తే ఆ భూమి ఎన్నాళ్ళు నిలుస్తుంది? 'మార్కెట్ హక్కు' అనేవాళ్ళూ 'రాజ్య రక్షణ' అనేవాళ్ళూ ఇద్దరూ ఇక్కడ సగం నిజమే చెప్తున్నారు. ఈ చిక్కును విప్పే పని ఇద్దరూ చెయ్యలేదు. సంత మీద వదిలెయ్యకుండా, దళితుడు అమ్మాలనుకుంటే రాజ్యమే బజారు రేటుకు కొని ఇంకో భూమిలేని దళిత కుటుంబానికి ఇచ్చే ఏర్పాటు గురించి ఎందుకు మాట్లాడరు?

రాజ్యాన్ని పూర్తిగా కొట్టిపారేసే ధోరణి కూడా మాకు ఇష్టం లేదు. రిజర్వేషన్ ఉన్నది రాజ్యం చేతిలోని ఉద్యోగాల్లోనే. కంపెనీ అమ్ముడుపోయిన రోజు రోస్టరు కూడా అమ్ముడుపోతుంది. 1966 ఉద్యమంలో 32 మంది ప్రాణాలిస్తే వచ్చిన విశాఖ ఉక్కును వంద శాతం అమ్మాలని 2021 జనవరిలో కేంద్రం నిర్ణయించింది. 2025 జనవరిలో 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించింది. ఈ నాలుగేళ్ళ ఆందోళనలో రిజర్వేషన్ మాట ఎన్ని వేదికల మీద వినపడింది? మున్సిపాలిటీల్లో అయితే ఇంకా విచిత్రం. పాకీ పని, ఊడ్చే పని పర్మనెంటు సర్కారు ఉద్యోగంగా ఉన్నప్పుడు కూడా అది ఒక కులం పనే. రాజ్యం ఆ కులాన్ని మార్చలేదు, జీతం, పింఛను మాత్రం ఇచ్చింది. తర్వాత కాంట్రాక్టు పద్ధతి వచ్చింది. కులం అట్లాగే ఉంది, జీతమూ పింఛనూ పోయాయి. సోషలిజం కులాన్ని ముట్టుకోలేదు, పెట్టుబడి వచ్చి కూడును ముట్టుకుంది.

ఇప్పుడు చుండూరుకు రావచ్చు. అక్కడి దళితుల్లో చదువుకున్నవాళ్ళున్నారు. రైల్వేలోనూ తెనాలిలోనూ పనులున్నవాళ్ళున్నారు. రెడ్ల పొలం మీద పూర్తిగా ఆధారపడని వాడ అది. సినిమాహాల్లో కాలు తగిలిందనే గొడవ తర్వాత ఊరు వాళ్ళను వెలివేసింది. పొలం పని బంద్, కౌలు బంద్. వేరే వాడ అయితే వారంలో కాళ్ళ మీద పడేది. ఈ వాడ పడలేదు, బయటి కూలితో బతికింది. అప్పుడే కత్తులు బయటికొచ్చాయి. అంటే ఊరి బయట దొరికిన జీతం దళితుణ్ణి నిలబెట్టింది. అది సర్కారు జీతమా, ప్రైవేటు కూలా అనేది రెండో సంగతి. నిలబెట్టింది గానీ కాపాడలేదు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేస్తే, 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. ఆరేళ్ళ ముందు, 1985 జులై 17న కారంచేడులో ఆరుగురిని చంపినవాళ్ళను 'భూస్వామ్య అవశేషాలు' అన్నారు. అవశేషాలు ఎట్లా అవుతారు? కాలువ నీళ్ళు, హరిత విప్లవం, పొగాకు, ట్రాక్టరు ఉన్న ఆసాములు వాళ్ళు. డెల్టా మిగులు పట్నాల్లో పెట్టుబడిగా మారుతున్న కాలమది. ఆధునిక పెట్టుబడి బరిసె పట్టుకుని వాడ మీదికి వచ్చింది.

వెలి అనే దాన్ని రెండు సిద్ధాంతాల్లో పెట్టి చూడండి. రైతు కూలికి పని ఇవ్వనన్నాడు, షావుకారు సరుకు అమ్మనన్నాడు, ఇల్లుగలవాడు అద్దెకివ్వనన్నాడు. మార్కెట్ సూత్రం ప్రకారం ఇదంతా వాళ్ళ ఇష్టం. ఇష్టమైనవాడితో బేరం చేసే స్వేచ్ఛ. వర్గ సూత్రం ప్రకారం చూస్తే వెలిలో భూస్వామితోపాటు నాలుగెకరాలవాడూ ఉన్నాడు, సెంటు భూమిలేని శూద్ర కూలీ ఉన్నాడు. ఐక్యం కావాల్సిన వర్గం ఐక్యమే అయింది, వాడకు వ్యతిరేకంగా. రెండు సిద్ధాంతాలకూ ఇక్కడ నోట మాట రాదు.

నాలుగో క్లాజును అందరూ ఎత్తి చూపించే ఆ 1947 పత్రంలోనే దీనికి మాట ఉంది. సాంఘిక బహిష్కారాన్ని నేరం చెయ్యమన్నాడు. బర్మాలో 1922 నాటి బహిష్కార వ్యతిరేక చట్టాన్ని చూసి నిర్వచనం రాశాడు. ఇల్లు, భూమి ఇవ్వనని నిరాకరించడం, కూలికి పెట్టుకోకపోవడం, వ్యాపారం చెయ్యకపోవడం, మామూలుగా జరిగే ఇచ్చిపుచ్చుకోవడాలు ఆపెయ్యడం, ఇవన్నీ అందులో ఉన్నాయి. అలా చెయ్యమని రెచ్చగొట్టేవాడికీ బెదిరించేవాడికీ శిక్ష. భూమిని రాజ్యం చెయ్యమన్న కలమే, బేరానికి నిరాకరించే స్వేచ్ఛను నేరం చెయ్యమంది. 1989 అట్రాసిటీల చట్టం నేరాల జాబితాలో సాంఘిక, ఆర్థిక బహిష్కారం లేదు. 2015 సవరణతో చేరి, 2016 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చింది. ఆయన రాసిన 69 ఏళ్ళకు, చుండూరు జరిగిన పాతికేళ్ళకు. భూమి పథకం గురించి గానీ పెట్టుబడి పథకం గురించి గానీ ఇకముందు మన సభలో ఎవరు కాగితం పెట్టినా మేము ముందుగా వెతికేది ఈ క్లాజు అందులో ఉందా, ఎక్కడుంది అని. పది లక్షలిచ్చిన వాడలో రేపు వెలి పడితే ఆ బండికి డీజిల్ పోసేదెవరు, మూడెకరాలిచ్చినచోట రేపు కాలువ తూము మూస్తే తెరిపించే అధికారి ఎవరు, అతను ఏ ఊరివాడు, అతని మీద కేసు పెట్టేది ఏ స్టేషన్లో అనేవి అందులో రాసి ఉండాలి.